వేపచెట్టు కొట్టకుండా మిద్దె మీద సోలార్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడలో మా మిద్దె మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపి నడిచే) సోలార్ పెట్టించి నాలుగేళ్లు దాటింది. ఏసీ నడిచే నెలలు తప్ప మిగతా ఏడాదంతా బిల్లు నామమాత్రమే. మబ్బు లేని రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పడితే మూడు నాలుగు రావడమే కష్టం. మే నెల ఎండకు దంచికొడుతుందనుకుంటారు చాలామంది. అలా ఏమీ ఉండదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. మాకు ఫిబ్రవరి, మార్చి నెలలే బాగుంటాయి.

బిగించడానికి వచ్చినవాళ్లు పెరట్లో వేపచెట్టు చూసి "నీడ పడుతుంది, కొట్టించేయండి మేడమ్" అన్నారు. మా అత్తమ్మ ససేమిరా అంది, నేనూ అదే మాట మీద ఉన్నాను. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలుపుతారు కాబట్టి ఒకదాని మీద నీడ పడినా మిగతావాటి మీద ఆ ప్రభావం ఉంటుంది. అందుకే ఇనుప స్టాండును మనిషి నిలబడేంత ఎత్తు లేపించి, తూర్పు వైపుకు జరిపించాం. ఖర్చు పెరిగింది, సాయంత్రం పూట కొంత ఉత్పత్తి ఇప్పటికీ పోతుంది. అయినా ఆ చెట్టే లేకపోతే పడమటి గోడ కాలిపోయి ఏసీ ఇంకా ఎక్కువసేపు నడిచేది. దాని మీద బతికే పిట్టల లెక్క ఏ యాప్‌లోనూ ఉండదు.

మా ఊళ్లో పెద్ద తలనొప్పి బూడిద. రైస్ మిల్లుల్లో కాల్చే ఊక బూడిద వచ్చి అద్దం మీద నల్లగా పేరుకుంటుంది. వారం కడగకపోతే యూనిట్లు తగ్గినట్టు తెలిసిపోతుంది. బోరు నీళ్లు వాడితే తెల్లటి ఉప్పు చారలు కడతాయి, మేం నల్లా నీళ్లే వాడతాం. ఎండెక్కకముందే, మెత్తటి గుడ్డతో కడగాలి. కోతులు వైర్లు లాగుతాయి, పైపుల్లో వేయించుకోండి.

కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా చేస్తారు, కాబట్టి బ్యాటరీ ఇన్వర్టర్ విడిగా ఉండాల్సిందే. లైను నుంచి మనం వాడిందీ, లైనుకు పంపిందీ రెండూ లెక్కగట్టే నెట్ మీటర్ కోసం కరెంటు ఆఫీసువాళ్లు నెలల తరబడి తిప్పించుకున్నారు. అది మాత్రం క్షమించలేను.

ఇంత పట్టుదల ఎందుకంటే, పక్కనే దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. దానికోసం నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమి పోయింది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే, కాల్చాక దాన్ని ఎక్కడో ఒకచోట పొయ్యాలి. రాత్రి మా ఇంట్లో వెలిగే లైటు ఇంకా చాలావరకు ఆ బొగ్గుదే. దీనికి దారి మన జిల్లాలోనే ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో కరెంటు తీసే యంత్రాల్లో 7 కిందికి వదిలిన నీళ్లను తిరిగి పైకి తోడగలవు. పగటి సోలార్‌తో తోడి, రాత్రి వదిలి కరెంటు తీస్తే అంత మేర బొగ్గు మిగులుతుంది. అలాగని సోలార్ పేరుతో మళ్లీ గుట్టలు, గొర్రెలు మేసే బీళ్లు చదును చేస్తే నేను ఒప్పుకోను. ముందు మిల్లుల రేకులు, గోదాముల కప్పులు నింపాలి. మిల్లు ఎలాగూ పగలే ఎక్కువ కరెంటు లాగుతుంది.

కొత్తగా పెట్టించేవాళ్లకు 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎత్తు స్టాండుకు ఎంత అవుతుందో కొటేషన్‌లోనే రాయించుకోండి.