గోపాలపూర్ లైట్‌హౌస్: పాత రంగం (బర్మా) రేవు తెలియాలంటే పైకెక్కాల్సిందే

ఒడిశాలోని బరంపురం నుంచి సుమారు 16 కిలోమీటర్లు. తెరిచే వేళలు ముందే కనుక్కుని సాయంత్రం పూట వెళ్ళండి. పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్ళలో కొడుతుంది. సాయంత్రం సూర్యుడు వీపు వెనక ఉంటాడు, అలలు ఎక్కడ విరుగుతున్నాయో వరస వరసగా తెలుస్తుంది. ఈ దీపస్తంభం ఎక్కి చూడాల్సింది ఆ విరిగే చోటునే.

పేరుకు రేవే గానీ, ఒడ్డుకు ఓడ చేరే వీలే లేదు. స్టీమర్లు అలల అవతల లంగరేసుకుంటే, సరుకునీ మనుషులనీ మసూలా పడవలు దాటించేవి. ఆ పడవకి ఇనుప మేకులు ఉండవు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, సందుల్లో గడ్డి కూరి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఇసుకకేసి అల బాదినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టుపడవ వంగి తట్టుకుంటుంది. నడిపింది మన తెలుగు వాడబలిజ జాలర్లే. ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఒడ్డుకొచ్చేటప్పుడు మంచి అల కోసం కాచుకుని, అది వెనక నుంచి లేపగానే అందరూ ఒక్క ఊపున తెడ్లు వెయ్యాలి. పడవ అడ్డం తిరిగిందా, బోల్తాయే.

1815లో జ్వరాలు దగ్గర్లోని గంజాం రేవు పట్నాన్ని ఊడ్చేశాక ఈ రేవు పెరిగింది. 1890ల్లో రైలు బరంపురం మీదుగా పోవడంతో సరుకు అటు మళ్ళింది. అయినా రంగం వెళ్ళే కూలీలతో స్టీమర్లు నడిచాయి. 1942లో జపాన్ రంగూన్‌ని పట్టుకోగానే అవీ ఆగిపోయాయి. ముందు సరుకు పోయింది, తర్వాత మనుషులు. ఉత్తరాన కట్టిన కొత్త పోర్టుకు అలలనాపే రాతిగట్లు ఉన్నాయి. పాత రేవుకి లేనిది అదే.

దిగాక ఒడ్డునున్న పాత రేవు మొండిగోడలు తప్పక చూడండి. పైనుంచి చూసిన దానికి లెక్క అక్కడే కుదురుతుంది. గోడల మీదికి మాత్రం ఎక్కకండి. ఉప్పుగాలికి సున్నం పొడి అయిపోయి, ఇటుక చేతిలోకి ఊడొస్తుంది. ఈ చరిత్ర చెప్పే బోర్డు తెలుగులో కూడా ఉండాలి, రేవుని మోసిన చేతులు తెలుగువాళ్ళవి కదా. అందుకే ఐదుకి నాలుగు మార్కులే.

అక్టోబరులో వెళ్తే తుఫాను కబురు చూసుకుని బయల్దేరండి. 2013 ఫైలిన్ ఆ నెల 12నే ఇక్కడ తీరం దాటింది. స్నానానికి దిగాలనుకుంటే ముందు జాలర్లని అడగండి. లోపలికి లాగే నీరు ఆ రోజు ఎటుందో వాళ్ళకి చూపుతోనే తెలుస్తుంది.