సోర్ బీర్‌కి తీపి వైన్ పీపా: బ్రస్సెల్స్, పోర్టో యాత్రలో ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

సోర్ బీర్ (పుల్లటి బీరు) కాచి, తీపి వైన్ ఖాళీ చేసిన పీపాలో నిల్వపెట్టడం నేర్చుకోవాలని హైదరాబాద్ నుంచి యూరప్ వెళ్ళేవాళ్ళు చాలామంది బ్రూవరీల జాబితా పట్టుకుని రోజుకు మూడు చొప్పున చుట్టేస్తుంటారు. అంత అవసరం లేదు. పులుపు ఎలా పుడుతుందో చూడ్డానికి బ్రస్సెల్స్, పీపాని ఎక్కడ పెడితే ఏమవుతుందో చూడ్డానికి పోర్ట్ అనే తీపి వైన్‌కి పేరుపడ్డ పోర్టో చాలు. రెండు ఊళ్ళకీ కలిపి వారం, ఎనిమిది రోజులు. అందులో ఎక్కువ భాగం పోర్టోకే ఇవ్వాలి. ఎందుకంటే మన దగ్గర పని చెడేది కాయడంలో కాదు, పీపా పెట్టిన గదిలో.

వెళ్ళడానికి నవంబరు మంచి అదను. లాంబిక్, అంటే గాలిలోని సూక్ష్మజీవులతోనే పులిసే బ్రస్సెల్స్ సోర్ బీర్, కాచేది చలికాలంలోనే, దాదాపు అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా. మరిగించిన వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసం) వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి 20 డిగ్రీల చుట్టుపక్కలకి దిగాలి. వేసవిలో అది దిగదు, పైగా గాలిలో అక్కర్లేని బ్యాక్టీరియా ఎక్కువ.

బ్రస్సెల్స్‌లో తప్పకుండా చూడాల్సింది కాంటియోన్. 1900లో మొదలైన బ్రూవరీ. మిడి స్టేషన్ నుంచి పది, పదిహేను నిమిషాల నడక. ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోవాలి. శనివారం జనం ఎక్కువ, మామూలు రోజు పొద్దున వెళ్తే పీపాల మధ్య తాపీగా నిలబడొచ్చు. పై అంతస్తులోని తొట్టి దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు కానీ, కాయడం తెలిసినవాళ్ళు చూడాల్సింది పీపా మూతిని. మొదటి పులియబెట్టు ఉధృతంగా ఉన్నన్నాళ్ళూ మూతి తెరిచే ఉంచుతారు, నురగ బయటికి పొర్లిపోతుంది. అది అణిగాకే బిరడా బిగిస్తారు. సాలెగూళ్ళు దులపకపోవడం కూడా బద్ధకం కాదు. పండ్ల ఈగ వెనిగర్ బ్యాక్టీరియాని మోసుకొస్తుంది, ఆ ఈగని సాలీడు తింటుంది. టేస్టింగ్‌లో గ్యాస్ లేని లాంబిక్ ఉంటే ముందు అదే తాగాలి. నాలుకకి పులిసిన మజ్జిగ పులుపు, గొంతులో మంట పెట్టే వెనిగర్ పులుపు వేర్వేరని అక్కడ తెలిసినంత బాగా గూజ్‌లో (పాత, కొత్త లాంబిక్‌లు కలిపి సీసాలో మళ్ళీ పులియబెట్టింది) తెలియదు, బుడగలు చాలా దాచేస్తాయి.

రెండో బ్రూవరీ ఒకటి చాలు. గుంపుగా వెళ్తే రూసెలారెలోని రోడెన్‌బాక్. రైల్లో గంటకు పైనే పడుతుంది, ముందుగా బుక్ చేసుకోవాలి. అక్కడి 294 ఓక్ ఫోడర్లలో (నిలువుగా ఉండే భారీ చెక్క పీపాలు) పెద్దవి 65 వేల లీటర్లవి. ఒక్కరో ఇద్దరో అయితే బ్రస్సెల్స్ పక్కనే లెంబీక్‌లో ఉన్న బోన్ నయం. అక్కడా పెద్ద ఫోడర్లే. ఎటు వెళ్ళినా గమనించాల్సింది ఒకటే: అంత పెద్ద పాత్రలో లీటరుకి తగిలే చెక్క తక్కువ, లోపలికి దూరే ఆక్సిజన్ కూడా తక్కువ. అక్కడ రెండేళ్ళు ఉంచుతారు కదా అని మన 225 లీటర్ల పీపాలోనూ రెండేళ్ళు వదిలేస్తే వెనిగర్ అయ్యే ప్రమాదం ఎక్కువ.

బసకి మిడి స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళు చవక, కానీ రాత్రి తిరగడానికి బాగోదు, జేబులు జాగ్రత్త. పక్కనే ఉన్న సాన్ జిల్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం, ఆవకాయతో గడిచిపోతుంది. గ్రాండ్ ప్లాస్ దగ్గర అద్దె ఎక్కువ, నిద్ర తక్కువ.

పోర్టోకి రెండున్నర గంటల ఫ్లైట్. షార్లెరోయి నుంచి టికెట్ చవగ్గా కనిపిస్తుంది కానీ ఆ ఎయిర్‌పోర్టుకి బస్సులో దాదాపు గంట, పైగా బ్యాగుకి వేరే డబ్బు. సీసాలతో వెళ్ళేవాళ్ళకి జావెంటెమ్ నుంచే లాభం, రైల్లో ఇరవై నిమిషాలు. పోర్టోలో రిబెయిరా గట్టు ఫొటోలకి బాగుంటుంది, సూట్‌కేసు లాగడానికి కాదు. అవతలి ఒడ్డున విలా నోవా ద గాయాలో, జార్దిమ్ దు మోరు మెట్రో దగ్గర దిగితే వైన్ గోదాములన్నీ నడిచే దూరమే. ఎక్కడానికి మాత్రం కాళ్ళు గట్టిగా ఉండాలి.

గాయాలో నది ఒడ్డునే ఉన్న గోదాముల్లో చాలావరకు వీడియో, చిన్న నడక, రెండు గ్లాసులతో సరి. పీపా కోసం వెళ్ళేవాళ్ళు కాక్‌బర్న్స్‌కి వెళ్ళాలి. అక్కడ పీపాలు బాగుచేసే పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పని దినాల్లో వెళ్తే ఇనప కట్లు ఊడగొట్టి, పలకలు సరిచేసి, మళ్ళీ బిగించడం కళ్ళారా చూడొచ్చు. కొండ మీది గ్రాహమ్స్ 1890 నాటి గోదాము, ముందే సమయం తీసుకోవాలి. వరసలుగా పేర్చిన 550 లీటర్ల పీపాలు (వాటిని 'పైప్' అంటారు) చూస్తే పోర్ట్‌వాళ్ళు పీపాని ఎందుకు వదులుకోరో అర్థమవుతుంది. వాళ్ళకి కావాల్సింది వాసనలన్నీ దిగిపోయిన పాత చెక్క, దశాబ్దాల తరబడి వాడతారు. అందుకే బజారులో 'పోర్ట్ పీపా' పేరుతో దొరికేవాటిలో చాలా మటుకు మామూలు పీపాలో కొన్నాళ్ళు పోర్ట్ నింపి తీసినవే. అది మోసమేమీ కాదు. ఎన్ని నెలలు నింపారు, ఎప్పుడు ఖాళీ చేశారు అని రాతపూర్వకంగా అడగాలి, అంతే.

ఒక రోజు పోర్ట్ ద్రాక్ష పండే డోరో లోయలోని పిన్యావుకి. సావ్ బెంతు నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, నది అటే. ఆ లోయ వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడే పీపాల్లో ఏళ్ళ తరబడి నిల్వ ఉంచిన పోర్ట్‌కి ఉడికినట్టు వచ్చే రుచిని 'డోరో బేక్' అంటారు. అందుకే వైన్‌ని సముద్రపు చల్లగాలి తగిలే గాయాకి దింపేవాళ్ళు. ఎగుమతి గాయా నుంచే జరగాలన్న నియమం 1986 దాకా ఉంది. పిన్యావులోనూ గాయాలోనూ నిల్వ ఉంచిన పాత టానీలు (పీపాలో ఏళ్ళ తరబడి ఉంచిన పోర్ట్) దొరికితే పక్కపక్కన పెట్టుకుని తాగాలి. ఈ యాత్రలో డబ్బుకి తగ్గ పాఠం అదే, ఎందుకంటే మే నెల హైదరాబాద్ పిన్యావు లాంటిది, గాయా లాంటిది కాదు. బెంగళూరులోనే విస్కీ పీపాల్లోంచి ఏడాదికి 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుందంటారు. స్కాట్లండ్‌లో అది 2 శాతం.

హైదరాబాద్‌లో సోర్ బీర్ పీపాకి 15–18 డిగ్రీల గది, 65–75 శాతం తేమ కావాలి. స్ప్లిట్ ఏసీ 16కి దిగినా గాలిని ఎండగడుతుంది. పలకలు సన్నబడి కారతాయి. చిన్న కోల్డ్ రూమ్ యూనిట్, దానికి హ్యూమిడిఫయర్ పెట్టడమే మేలు. అసలు శత్రువు ఉష్ణోగ్రతలో హెచ్చుతగ్గులు. 18 నుంచి 30కి వెళ్తే 225 లీటర్ల బీరు అర లీటరుకు పైగా వ్యాకోచించి ఎయిర్‌లాక్‌ని (గ్యాస్ బయటికి పోయే మూత) తోస్తుంది, చల్లబడగానే బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. వెనిగర్ బ్యాక్టీరియా ఎసిటోబాక్టర్‌కి ఆ గాలే కావాలి.

ఓడలో వచ్చే ఖాళీ పీపా ఎండిపోతుంది. రాగానే మూతి దగ్గర వాసన చూడాలి. వెనిగర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఉంటే వెనక్కి పంపడమే, ఆ చెక్కని బాగుచేయలేం. గంధకం వాసనైతే భయం లేదు, కడిగితే పోతుంది. ఫ్రాన్స్ తీపి వైన్ సోతెర్న్ పీపాల్లో అది కాస్త ఎక్కువే, తీపి వైన్ మళ్ళీ పులియకుండా సల్ఫైట్ బాగా వేస్తారు మరి. 80 డిగ్రీల నీళ్ళు 20 లీటర్లు పోసి, దొర్లించి, ఒక్కో పక్కనా పావుగంట నిలబెట్టాలి. నీళ్ళతో నింపి రోజుల తరబడి వదిలేస్తే వైన్ రుచంతా నీళ్ళపాలు.

బీరు గ్రావిటీ (నీళ్ళతో పోల్చిన సాంద్రత) 1.050 దగ్గర మొదలుపెట్టి, చేదు 10 ఐబీయూ (చేదు కొలత) లోపే ఉంచాలి, లేకపోతే పులుపు పుట్టించే లాక్టోబాసిలస్ కదలదు. మామూలు ఈస్ట్‌తో వారం పులియబెట్టి, పీపాలోకి ఎక్కించి, బ్రెట్ (బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్), లాక్టోబాసిలస్, పీడియో (పీడియోకాకస్ అనే పులుపు బ్యాక్టీరియా) కలిసిన కల్చర్ వేయాలి. అంచుదాకా నింపాలి. మూతి తెరిచి రుచి చూడకూడదు. పీపా ముఖం మీద 4 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, స్టీలు మేకు దిగ్గొట్టుకుంటే శాంపిల్ అక్కణ్ణించే వస్తుంది. ఆరు, ఎనిమిది వారాలకోసారి అదే బ్యాచ్ బీరుతో తరిగినంత నింపాలి. మధ్యలో బీరు జిగటగా సాగితే అది పీడియో పని. పారబోయకూడదు, బ్రెట్ రెండు మూడు నెలల్లో సరిచేస్తుంది.

తీపి పీపా కదా, బీరు తియ్యగా వస్తుందనుకుంటారు. రాదు. చెక్కలో 4 లీటర్ల పోర్ట్ నిలిచిందనుకుంటే, లీటరుకి 100 గ్రాముల చొప్పున 400 గ్రాముల చక్కెర, 225 లీటర్లలో లీటరుకి 1.8 గ్రాములు. అదంతా బ్రెట్ తినేస్తుంది. మిగిలేది ఎండుద్రాక్ష, అంజీర్ వాసన, 0.3 శాతం పైచిలుకు ఆల్కహాల్. తొందరపడి సీసాలకెక్కిస్తే ఆ చక్కెరే సీసాలో అర వాల్యూమ్‌కి దగ్గరగా, అంటే బీరు పరిమాణంలో సగానికి దగ్గరగా, అదనపు గ్యాస్ పుట్టిస్తుంది. గ్రావిటీ రెండు నెలలు కదలకుండా ఉన్నాకే సీసాకి ఎక్కించాలి, అదీ షాంపేన్ సీసాలకే. లైసెన్సు లేకుండా బీరు కాయడం మాత్రం తెలంగాణలో నేరం, ఇదంతా మైక్రోబ్రూవరీ గదిలో జరగాల్సిన పని.

షెంగెన్ వీసా ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అడగాలి, కాబట్టి పైన చెప్పిన లెక్కలో పోర్చుగల్‌కి. 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. తిరిగొచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల మద్యం దాకా సుంకం లేదు. 750 మిల్లీలీటర్ల గూజ్ సీసాలు రెండు, 375ది ఒకటి సరిగ్గా పడతాయి. మూడోది కూడా పెద్దదే పెడితే 2.25 లీటర్లు అవుతుంది, ఎక్కువైన దానికి శంషాబాద్‌లో సుంకం కట్టాలి.