స్టార్టర్ బోర్డు డీబగ్గింగ్: ఐసీఈనా, ఎస్‌డబ్ల్యూడీ ప్రోబా?

అనంతపురంలో బోరు మోటార్ స్టార్టర్ బోర్డులు చేసేవాళ్లకు, ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడానికి (డీబగ్గింగ్) ఏ పరికరం వాడాలన్న ఈ ప్రశ్న తప్పదు. పాత 8051 చిప్ ఉన్న బోర్డయితే ఇన్‌సర్క్యూట్ ఎమ్యులేటరే (ఐసీఈ, అంటే చిప్ బదులు తానే పనిచేసే పరికరం) హాయి. సాకెట్‌లోంచి చిప్ పీకి, ఆ 40 కాళ్ల చోట దాని ప్లగ్ (పాడ్) గుచ్చితే ప్రోగ్రామ్ నడిచిన దారంతా ట్రేస్‌లో కనిపిస్తుంది. ధర చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

కార్టెక్స్-ఎం3 అనే మైక్రోకంట్రోలర్ చిప్‌నైతే బోర్డుకే టంకం వేస్తారు, పీకే పని లేదు. ఎస్‌డబ్ల్యూడీ (సీరియల్ వైర్ డీబగ్) ప్రోబ్ అంటే కంప్యూటర్‌ను చిప్‌కు కలిపే చిన్న పరికరం. దాని నుంచి ఎస్‌డబ్ల్యూడీఐఓ (డేటా), ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (క్లాక్), గ్రౌండ్ వైర్లు కలిపి, కంప్యూటర్‌లో ప్రోబ్‌తో మాట్లాడే ఓపెన్‌ఓసీడీ ప్రోగ్రామ్ నడిపి, జీడీబీ డీబగ్గర్‌ని దాని 3333 పోర్టుకు తగిలిస్తే సరి. హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు (ప్రోగ్రామ్‌ను మనం ఆపే చోట్లు) ఆరే ఉంటాయి, ఈ పనికి అవి చాలు. నా ఓటు దీనికే.

ఒక్కటి మాత్రం చూసుకోండి. రిలే (మోటార్‌కు కరెంటిచ్చే స్విచ్) ఆన్‌లో ఉండగా బ్రేక్‌పాయింట్ పడితే ప్రోగ్రామ్ ఆగుతుంది గానీ మోటార్ ఆగదు. డ్రై రన్ చెక్ (నీళ్లు లేకుంటే మోటార్ ఆపే తనిఖీ) కూడా అక్కడే నిలిచిపోతుంది, బోరులో నీళ్లు లేకుంటే మోటార్ కాలినట్టే. టెస్టింగ్ అయ్యేదాకా మోటార్ బదులు బల్బు పెట్టండి.