కాలిన మోటారుకు వైండింగా, కొత్త మోటారా: ఏది మేలు?

పలాస జీడి పరిశ్రమలో బ్లోయరు మోటారు కాలినా, రాజాం పక్క పల్లెలో పిండిమర మోటారు కాలినా ముందు పోయేది వైండింగ్ షాపుకే. చేతిలోంచి పోయే డబ్బు తక్కువ, పని రెండు రోజుల్లో అయిపోతుంది. అయితే ఏళ్ల తరబడి తిరిగే మోటారుకు దాని ధర కన్నా కరెంటు బిల్లే ఎక్కువ. కాబట్టి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది, బిల్లు ఎవరు కడతారు, డబ్బు ఏ వడ్డీకి దొరుకుతుంది అన్నవి తేలాకే నిర్ణయం.

10 హెచ్‌పీ ఫోర్ పోల్ (నిమిషానికి 1,450 చుట్ల దరిదాపుల్లో తిరిగే) మోటారు తీసుకుందాం. ఐఈ3 (కరెంటు తక్కువ తినే ప్రీమియం తరగతి) రకం కొత్తదాని సామర్థ్యం, అంటే లాగిన కరెంటులో పనికి మారేది, 90.4 శాతం. పాతదానికి వైండింగ్ చేయించాక 84 వస్తుందనుకుందాం. ముప్పావు లోడు మీద షాఫ్టుకు 5.6 కిలోవాట్లు అందాలంటే పాతది 6.67 కిలోవాట్లు లాగుతుంది, కొత్తది 6.2. గంటకు ఇంచుమించు అర యూనిట్ తేడా. వైండింగ్‌కు 8 వేలు, కొత్తదానికి 32 వేలు, పాతది తుక్కుకు వేస్తే 5 వేలు అనుకుంటే కొత్తదానికి అదనంగా పెట్టాల్సింది 19 వేలు. (ధరలు లెక్క కోసమే, మీకు వచ్చిన కొటేషన్ పెట్టి చూసుకోండి.) యూనిట్ 7 రూపాయల చొప్పున:

ఏడాదికి 600 గంటలు తిరిగే పిండిమర: ఆదా సుమారు 2 వేలు. పెట్టుబడి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. వైండింగే మేలు.
2,000 గంటలు: ఆదా 6,600. మూడేళ్లు.
4,000 గంటలు: ఆదా 13,000 పైనే. ఏడాదిన్నరలోపే వస్తుంది. ఇక్కడ వైండింగ్ చేయించడం నష్టమే.

రైసు మిల్లుల్లో చిక్కేమిటంటే సీజనులో రాత్రింబగళ్లు ఆడి, తర్వాత నెలల తరబడి ఖాళీగా ఉంటాయి. సీజను జోరు చూసి లెక్క కట్టకండి. ఏడాది మొత్తం గంటలు రాసుకోండి.

మధ్యలో ఉన్న 2,000 గంటల వాడికి వడ్డీయే తీర్పు చెబుతుంది. బ్యాంకులో 11 శాతానికి తెస్తే మూడున్నరేళ్లు దాటాక అప్పు తీరుతుంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి ఏడాదే 4,560 వడ్డీకి పోతుంది, అప్పు తీరడానికి అయిదున్నరేళ్లు పడుతుంది. చిన్న మిల్లుల వాళ్లు పాత మోటార్లనే పట్టుకుని ఉంటే అది తెలియనితనం కాదు, చౌకగా అప్పు పుట్టకపోవడం.

వ్యవసాయ బోరుది వేరే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో రైతులకు 2004 నుంచి కరెంటు ఉచితం కాబట్టి ఆదా అయ్యే ప్రతి యూనిట్ డిస్కంకీ (కరెంటు సరఫరా చేసే సంస్థకు), సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వానికీ మిగులుతుంది. రైతు జేబులోకి పైసా రాదు. ఉచిత విద్యుత్తుకు నగదు బదిలీని (బిల్లు డబ్బును ప్రభుత్వం రైతు ఖాతాలో వేసే పద్ధతిని) 2020లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే. మీటరు పెట్టినా, బిల్లు డబ్బు ప్రభుత్వానిదే అయినప్పుడు మంచి పంపు కొనమని రైతును అడగడం న్యాయం కాదు. ఆదా ఎవరికి మిగులుతుందో ఆ తేడా వాళ్లే పెట్టాలి. అప్పటిదాకా రైతుకు వైండింగే సరి.

వైండింగ్ చేయిస్తే దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత కాయిళ్లు తీయడానికి స్టేటర్‌ను (కాయిళ్లు ఉండే, కదలని ఇనుప భాగాన్ని) మంటలో వేసి కాలుస్తారు. వేడి 350 డిగ్రీలు బాగా దాటితే స్టాంపింగుల (స్టేటర్‌లో పేర్చిన పలుచని ఇనుప రేకుల) మధ్య ఇన్సులేషన్ మాడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి తీగ చుట్టినా ఇనుము వేడెక్కుతూనే ఉంటుంది. తీగ రాగిదే కావాలి, గేజి (తీగ మందం), చుట్ల సంఖ్య పాతదానికి తగ్గట్టే ఉండాలి. స్లాటులో (కాయిలు కూర్చునే గాడిలో) తేలిగ్గా పడుతుందని సన్న తీగ వేస్తే కరెంటు నష్టం పెరుగుతుంది. వార్నిష్ పోసి ఎండలో పెట్టడం చాలదు, ఓవెన్‌లో వేడికి గట్టిపడనివ్వాలి. తెచ్చుకునే ముందు లోడు లేకుండా తిప్పి, మూడు ఫేజుల్లోనూ క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసేది) పెట్టండి. ఈ సైజు మోటారుకు 5, 6 ఆంపియర్లు మామూలు. అంతకన్నా బాగా ఎక్కువ చూపితే ఇనుము దెబ్బతిందనో చుట్లు తగ్గాయనో అనుమానించాలి.

కొత్తది కొంటే పుల్లీ సంగతి మరవకండి. ఐఈ3 మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది. నిమిషానికి 1,440 చుట్ల బదులు 1,460 తిరిగితే బ్లోయరు, సెంట్రిఫ్యూగల్ పంపు 4 శాతం దాకా ఎక్కువ కరెంటు తింటాయి. ఆదాలో సగం అక్కడే పోతుంది. మోటారు పుల్లీ కొంచెం చిన్నది వేయించండి. మొదలయ్యేటప్పుడు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది గనుక స్టార్టరు సరిపోతుందో లేదో చూడాలి.

ఏ దారి పట్టినా ముందు కాలిన కాయిళ్లు చూడండి. డెల్టా (మూడు ఫేజుల కాయిళ్లను త్రిభుజంలా కలిపిన) మోటారులో ఒక ఫేజు కాయిళ్లు మాత్రమే మాడి, మిగతా రెండూ శుభ్రంగా ఉంటే అది సింగిల్ ఫేజింగ్, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూ ఉండటం. అన్నీ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడో, వోల్టేజి పడిపోవడమో, గాలి ఆడకపోవడమో. మొదటి దానికి ప్రివెంటరు (ఫేజు పోతే మోటారును ఆపేది) పెట్టించాలి, రెండో దానికి స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేను (ఆంపియర్లు మించితే మోటారును ఆపేదాన్ని) మోటారు ప్లేటు మీది ఆంపియర్లకు సెట్ చేయాలి. ఆ ఖర్చును రెండు లెక్కల్లోనూ కలపండి.