గూస్ బాతు గుడ్లు కొనేవాళ్లు జాగ్రత్త, ఆ విజయనగరం ఆయన దగ్గర అస్సలు వద్దు

పేరు రాయను. వాట్సాప్ స్టేటస్‌లో తెల్ల గూస్ బాతుల మందను పెట్టి, కింద "హండ్రెడ్ పర్సెంట్ ఫర్టైల్" (అన్నీ పిల్లయ్యే గుడ్లేనట) అని రాసుకునే ఆయన అంటే మన వైపు బాతులు పెంచేవాళ్లందరికీ అర్థమైపోతుంది. శివరాత్రి ముందు ఆయన దగ్గర డజను గుడ్లు తీసుకున్నాను. గుడ్డు 250 రూపాయలు. ఆముదాలవలసకి తెచ్చి ఇచ్చినందుకు మళ్లీ వేరే.

ఇంక్యుబేటర్ నాకు కొత్త కాదు. అదే పెట్టెలో సంక్రాంతికి ముందు నాటుకోడి పిల్లల్ని తీశాను. గూస్ గుడ్డు 150 గ్రాముల దాకా తూగుతుంది, కోడిగుడ్ల ట్రేలో పట్టదు. అందుకని ట్రే తీసేసి, గుడ్లు పడుకోబెట్టి, ఒక వైపు గీత, ఒక వైపు సున్నా పెన్సిల్‌తో పెట్టుకుని చేత్తోనే తిప్పాను. ప్రయాణంలో కుదుపులు తగిలాయని ముందు ఒక రోజు కదపకుండా ఉంచాను. 37.5 డిగ్రీలు, తేమ 50-55 శాతం. కరెంటు పోతే ఇన్వర్టర్. వారం దాటాక రోజూ మూత తీసి కాసేపు చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లు చిలకరించాను. తల్లి బాతు కూడా మేతకు లేచి, నీళ్లలో తడిసి వస్తుంది కదా. మా అత్తగారికి కూడా ఇంత సేవ చేయలేదని ఇంట్లో ఒకటే ఎగతాళి.

అలా కొన్నాళ్లయ్యాక ఒక రాత్రి లైటార్పి, లోపల పిల్ల కడుతోందో లేదో అని గుడ్లకి టార్చి పెట్టి చూశాను. అప్పటికి ఎర్రని నరాలు అల్లుకుని మధ్యలో నల్లచుక్క కదులుతూ కనిపించాలి. ఏమీ లేదు. పన్నెండుకి పన్నెండూ పసుపుపచ్చగా ఖాళీ. వేడి ఎక్కువై మధ్యలో చచ్చిపోతే కనీసం కొన్నిట్లో రక్తపు వలయం ఉండాలి. అదీ లేదు.

ఫోటోలు పంపాను. సారు జవాబు: "మేడం, మీకు మెషిన్ నడపడం రాదు. కోళ్లు పెంచుకోండి, బాతులు మీ వల్ల కాదు." పక్కన నవ్వే బొమ్మ. నేను టైప్ చేస్తుండగానే బ్లాక్.

మా మరిది ఫోన్ నుంచి చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. వాళ్లమ్మే అనుకుంటా. గొడవ మాట ఎత్తకుండా, "మీ మందలో మగ బాతులు ఎన్ని ఉన్నాయమ్మా?" అని మామూలుగా అడిగాను.

"ఇంకెక్కడి మగదమ్మా! ఉన్నదొక్కటీ సంకురాత్రికి అల్లుడొచ్చాడని కోసీసినాం గదా. ఏం, నీకు కావాలేటి?"

నాకు నోట మాట రాలేదు. మగది పోయాక వారమో పది రోజులో పెట్టిన గుడ్లు పనికొస్తాయేమో, అంతే. ఈయన శివరాత్రి దాకా అమ్ముతూనే ఉన్నాడు. పాపం, ఆవిడకేం తెలుసు, ఉన్నమాట చెప్పింది. వెనకాల నుంచి "ఎవరమ్మా ఫోను?" అని ఆయన గొంతు, వెంటనే లైన్ కట్. అల్లుడుగారు కూర తిన్నారు, బిల్లు నేను కట్టాను. స్టేటస్‌లో మంద ఫోటో చూసి డబ్బులు కొట్టిన నా తెలివికి దండం పెట్టాలి.

డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ లేదు. మెషిన్ నడపడం రాదన్న మాట మాత్రం కడుపులో మండుతోంది. నిన్న మా మరిదికి స్టేటస్ కనిపించిందట, "ఫ్రెష్ స్టాక్, త్వరపడండి" అని.

ఎవరి దగ్గర కొన్నా ముందు అదే రోజు గుడ్డొకటి పగలగొట్టి వీడియో పంపమనండి. పచ్చసొన మీద తెల్లచుక్క చుట్టూ గుండ్రంగా వలయం ఉంటే పిల్లయ్యే గుడ్డు, ఉత్త చుక్క ఉంటే కూరకే. వారం దాటినవీ, నీళ్లతో కడిగి మెరిపించినవీ తీసుకోవద్దు. ఇక ఈయన దగ్గరే కొని తీరతామంటే, మగ బాతు పక్కన ఆ రోజు పేపరు పెట్టి ఫోటో తీయమనండి.