రోడ్ సైకిలు బ్రేకు కేబుళ్లు: బయట నడపడం మేలా, లోపల దాచడం మేలా?

హ్యాండిల్ ముందు బ్రేకు కేబుళ్లు చిందరవందరగా వేలాడకుండా పొందికగా అమరాలని కోరుకునేవారి ముందు ఇప్పుడు మూడు దారులు ఉన్నాయి. హ్యాండిల్ టేపు కింద నుంచి బయటికి వచ్చి, టాప్ ట్యూబు (హ్యాండిల్ వైపు నుంచి సీటు దాకా ఉండే ఫ్రేము పై గొట్టం) వెంట బయటనే వెనక బ్రేకు దాకా సాగేది మొదటిది. హ్యాండిల్ దగ్గర బయటనే ఉండి, ఆ తరువాత టాప్ ట్యూబులోకి దూరి సీటు దగ్గర బయటపడేది రెండోది. హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ లోపలి నుంచే వచ్చి, హ్యాండిల్ తిరగడానికి వీలు కల్పించే హెడ్‌సెట్ పై బేరింగు గుండా ఫ్రేములోకి దిగిపోయి, కంటికి దాదాపు కనబడకుండా పోయేది మూడోది. చూడటానికి మూడోదే అందంగా ఉంటుంది. అయితే తీగతో లాగే, చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులున్న సైకిలుకు నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను.

కారణం ఒంపులలో ఉంది. పశువును కట్టే గుంజకు పలుపును రెండు చుట్లు తిప్పితే ఎద్దు లాగినా తాడు జారదు; కేబులు లోపల కదిలే ఇన్నర్ తీగ, దాన్ని కప్పిన తొడుగు అయిన అవుటర్ లోపలి గోడను ఒరుసుకుంటూ మలుపు తిరిగిన ప్రతిచోటా జరిగేది అదే. చేత్తో నొక్కే లివరు నుంచి, చక్రాన్ని పట్టే కాలిపర్ దాకా ఉన్న ఒంపులన్నిటి కోణాన్ని కలిపి చూడాలి. ఘర్షణ గుణకం 0.1 అనుకుని లెక్క కడితే, మొత్తం ఒంపు 90 డిగ్రీలైనప్పుడు లాగిన బలంలో సుమారు 15 శాతం, 180 డిగ్రీలైతే 27 శాతం, 270 డిగ్రీలైతే 38 శాతం దారిలోనే హరించుకుపోతుంది. తుప్పు, దుమ్ము చేరినకొద్దీ ఆ గుణకం పెరుగుతుంది కనుక నష్టం కూడా పెరుగుతుంది. మూడో దారిలో కేబులు స్టెమ్ దగ్గర ఒకసారి, హెడ్ ట్యూబులోకి (ఫ్రేము ముందు భాగంలోని పొట్టి గొట్టంలోకి) దిగేచోట ఒకసారి, అక్కడి నుంచి టాప్ ట్యూబులోకి మళ్లేచోట ఇంకోసారి బిగుతుగా వంగుతుంది. అందుకే తీగ బ్రేకులకు అది నాకు నచ్చదు.

1980ల మధ్య వరకు రోడ్ సైకిళ్ల బ్రేకు కేబుళ్లు లివరు నెత్తి మీద నుంచి పైకి లేచి, కమానులా వంగి కిందికి దిగేవి. టేపు కింద నడిపించే లివర్లు వచ్చాక గాలికి అడ్డు తగ్గింది గాని లివరు వెనుక ఒక మలుపు పెరిగింది. ఆ మలుపు తప్పనిది కాబట్టి అక్కడ అవుటరును హ్యాండిల్‌కు ఆనించి, రెండు మూడు చోట్ల ఎలక్ట్రికల్ టేపుతో బిగించి, ఆ తరువాతే హ్యాండిల్ టేపు చుట్టాలి. ఇక్కడ గేరు అవుటర్ వాడకూడదన్నది ఎంత చెప్పినా తక్కువే. 5 మిల్లీమీటర్ల బ్రేకు అవుటరులో ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. 4 మిల్లీమీటర్ల గేరు అవుటరులో ఉక్కు తీగలు నిలువుగా సాగుతాయి, వాటిని పట్టి ఉంచేది పైనున్న ప్లాస్టిక్కే కనుక గట్టిగా బ్రేకు పట్టినప్పుడు అది పగిలిపోవచ్చు.

ఏ చేతికి ఏ బ్రేకు అన్న ప్రశ్న మన దగ్గర ప్రత్యేకంగా ఆలోచించదగినది. సాధారణ రోడ్ కాలిపర్లలో ముందు బ్రేకు కేబులు తొక్కేవారి కుడి వైపున దిగుతుంది, వెనక బ్రేకుది ఎడమ వైపున చేరుతుంది. ఎడమ లివరుకు ముందు బ్రేకు కలిపితే అవుటర్ హెడ్ ట్యూబు ముందుగా వాలుగా దాటి సాఫీగా కాలిపర్‌లోకి వెళుతుంది, కుడి లివరు నుంచి వెనక బ్రేకు కేబులు కూడా అలాగే విశాలంగా తిరుగుతుంది. కుడి లివరుకు ముందు బ్రేకు కలిపితే రెండూ తమతమ వైపునే ఇరుకుగా వంగాలి. కేబుళ్ల పొందిక ఒక్కటే చూస్తే మొదటి అమరికదే పైచేయి. అయినా మోటారు సైకిలు, స్కూటరు నడిపి కుడి చేయి అంటే ముందు బ్రేకు అని అలవాటు పడినవారు సైకిలు మీదా కుడినే ఉంచుకోవాలని గట్టిగా చెబుతాను. కుక్క అడ్డం వచ్చిన క్షణంలో చేయి ఆలోచించదు. ఒంపు మరీ ఇరుకైతే పూసలు గుచ్చినట్టుండే అల్యూమినియం అవుటర్ దొరుకుతుంది, ఖరీదు ఎక్కువైనా అది బిగుతైన మలుపులో కూడా నలగదు.

అవుటర్ పొడవు దగ్గర నేను ఒకసారి పొరపడ్డాను. చూడటానికి నీటుగా ఉంటుందని వెనక బ్రేకు అవుటరును రెండు అంగుళాలు మరీ పొట్టిగా కోశాను. ఇంట్లో స్టాండు మీద అంతా బాగానే ఉంది; ఇరుకు సందులో హ్యాండిల్ పూర్తిగా తిప్పగానే కేబులు బిగిసి, లివరు ముట్టుకోకుండానే వెనక చక్రం పట్టేసింది. అప్పటి నుంచి కోయడానికి ముందే హ్యాండిల్‌ను రెండు వైపులా చివరంటా తిప్పి చూసి, ఎక్కడా లాగని అతి తక్కువ పొడవు దగ్గర గుర్తు పెట్టుకుంటున్నాను. కోసిన మూతిని ఆకురాయితో సమంగా రుద్ది, నలిగి మూసుకుపోయిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో గుండ్రంగా తెరిచి, లోహపు టోపీ తొడిగాకే ఇన్నర్ ఎక్కించాలి. ఈ మూడు పనులలో ఏది వదిలినా బ్రేకు స్పాంజిని నొక్కినట్టు మెత్తగా ఉంటుంది.

బయటి దారిలోనూ రెండు రకాలున్నాయి. టాప్ ట్యూబు కింద ఇన్నర్ తీగను నగ్నంగా వదిలే రకం తేలికైనది, అవుటర్ తక్కువ కనుక అది నొక్కుకుపోవడం కూడా తక్కువ. అయితే వెనక్కి వాలిన టాప్ ట్యూబు ఉన్న ఫ్రేములో వాన నీరు ఆ తీగ వెంటే జారి చివరి అవుటర్ ముక్కలోకి చేరుతుంది. ఒక వానాకాలం దాటాక నేను ఆ ముక్కను నిలువునా చీల్చి చూస్తే లోపల ఇటుక పొడిలాంటి తుప్పు, దానికింద నల్లని జిడ్డు కనిపించాయి. ఆ జానెడు ముక్కే బ్రేకును బరువెక్కించింది. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవారు, ఫ్రేము అనుమతిస్తే, లివరు నుంచి కాలిపర్ దాకా ఒకే అవుటర్ వేసుకోవడం మేలు. మిగతాచోట్ల విడి ముక్కలు చాలు, ఏటా ఆ చివరి ముక్కను మార్చితే సరిపోతుంది.

టాప్ ట్యూబులో దూర్చే రెండో దారి ఫ్రేముతోపాటు వస్తే కాదనక్కరలేదు. లోపల అవుటర్ గోడకు కొట్టుకుని గుంతల రోడ్డు మీద టకటకమంటే దానికి సన్నని స్పాంజి గొట్టం తొడగాలి. పాత ఇన్నర్ లాగేయకముందే దాని మీదుగా సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పోనిస్తే కొత్తదానికి దారి సిద్ధంగా ఉంటుంది.

తీగకు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల సంగతి వేరు. హోసులోని (సన్నని గొట్టంలోని) నూనెకు ఒంపులు పెద్ద లెక్కలోనివి కావు కనుక అక్కడ మూడో దారి మీద నాకు పనితీరు పరంగా అభ్యంతరం లేదు. కాని హెడ్‌సెట్ పై బేరింగు అరిగిన రోజున చాలా సైకిళ్లలో దాన్ని బయటికి తీయాలంటే హోసును విప్పాలి, తిరిగి బిగించి నూనె నింపి గాలి తీయాలి. బయటి కేబుళ్ల సైకిలులో అరగంటలో అయ్యే పని అక్కడ ఒక పూట తీసుకుంటుంది, కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్కు ఊళ్లో ఉన్నాడో లేదో కొనకముందే కనుక్కోవాలి.