డబ్బు కట్టించుకొని ఇచ్చే ‘కార్పొరేట్ కమ్యూనికేషన్స్’ ఇంటర్న్‌షిప్‌తో జాగ్రత్త

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో బీబీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా రాష్ట్రంలో 2020-21 పాఠ్యప్రణాళిక నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది కాబట్టి, సెమిస్టర్ దగ్గరపడే కొద్దీ ఎక్కడో ఒకచోట చేరిపోవాలన్న తొందర మా అందరిలోనూ ఉంటుంది. ఆ తొందరలోనే నేను ‘కార్పొరేట్ కమ్యూనికేషన్స్’ (సంస్థ తరఫున పత్రికలకు, ఉద్యోగులకు సమాచారం అందించే విభాగం) ఇంటర్న్‌షిప్ కోసం, హైదరాబాద్ మాదాపూర్‌లో కార్యాలయం ఉందని చెప్పుకొనే ఒక సంస్థకు 7,499 రూపాయలు కట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతి మరికొన్ని పేర్లతోనూ నడుస్తోందని నాతోపాటు చేరినవారు చెప్పారు కనుక, పేరు కంటే పద్ధతిని గుర్తుపట్టడమే మీకు ఎక్కువ అవసరం.

మొదట ఒకామె ఫోన్ చేసి, ‘మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది, సీట్లు పన్నెండే ఉన్నాయి’ అన్నారు. నేను ఎక్కడా దరఖాస్తు చేయలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. పది నిమిషాల ఇంటర్వ్యూ అయిన అరగంటకే ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో స్టైపెండ్ ‘పనితీరును బట్టి’ అని ఉంది, శిక్షణ రుసుము మాత్రం అంకెల్లో స్పష్టంగా ఉంది. యూపీఐలో చెల్లించేటప్పుడు తెరమీద సంస్థ పేరు కాక ఒక వ్యక్తి పేరు కనిపించింది. అడిగితే, ‘ఆయన మా అకౌంట్స్ సార్’ అన్నారు. నేను నమ్మాను.

మొదటి వారంలో ప్రెస్ నోట్ ఎలా రాయాలో చెప్పే నాలుగు రికార్డు వీడియోలు పంపారు. నేను రాత్రంతా కూర్చుని రాసిన ప్రెస్ నోట్‌కు నిమిషం తిరక్కుండానే ‘గుడ్’ అని జవాబు వచ్చింది. ఎవరూ చదవలేదని అర్థమైనా సర్దిచెప్పుకున్నాను. రెండో వారంలో ‘ఔట్‌రీచ్’ అనే పేరుతో ఒక ఎక్సెల్ షీట్ పంపారు. అందులో దాదాపు రెండు వందల మంది విద్యార్థుల పేర్లు, కళాశాలలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. రోజుకు నలభై మందికి ఫోన్ చేయాలన్నారు. చదవమని ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యం, ‘మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది’.

కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అంటే వాళ్ల లెక్కలో అదే: మనకు అమ్మిన సరుకును మనచేతనే మన జూనియర్లకు అమ్మించడం. ఒకరు డబ్బు కట్టి చేరితే మనకు 300 రూపాయలు. ఆఫర్ లెటర్‌లోని ‘పనితీరు’ అదే. ఆ జాబితాలో మా కళాశాల పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు, నేను కొన్ని రోజులు ఫోన్లు చేశాను, నా మాట మీద ఇద్దరు చేరారు.

నిజమైన సంస్థల్లో ఈ విభాగం ఏం చేస్తుందో తర్వాత ఒక సీనియర్ అక్క ద్వారా తెలుసుకున్నాను. పొద్దున్నే పత్రికలు చూసి తమ సంస్థపై వచ్చిన వార్తలను కత్తిరించి పై అధికారులకు పంపడం, ఏ విలేకరి ఏ రంగం చూస్తారో జాబితా సరిచూసుకోవడం, ప్రెస్ నోట్‌లోని ప్రతి అంకెనూ సంబంధిత విభాగం చేత ఒప్పించుకోవడం, ఉద్యోగుల కోసం అంతర్గత పత్రిక తేవడం వంటి పనుల్లో ఇంటర్న్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటారట. మాకు ఇందులో ఒక్కటీ చూపించలేదు.

రసీదు కోసం పదిసార్లు అడిగితే పంపిన బిల్లులో 18 శాతం జీఎస్‌టీ వేశారు. జీఎస్‌టీ సంఖ్యలో 15 అక్షరాలు ఉండాలి, తెలంగాణ సంస్థదైతే 36తో మొదలవ్వాలి. నాకు ఇచ్చిన దానిలో 14 అక్షరాలే ఉన్నాయి. జీఎస్‌టీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. డబ్బు కట్టే ముందే ఆ పని చేయండి. ‘ప్రభుత్వ గుర్తింపు’ అంటూ వాళ్లు చూపించింది ఉద్యమ్ ధ్రువపత్రం. అది చిన్న వ్యాపారాలు సొంత ప్రకటనతో, రుసుము లేకుండా చేసుకునే నమోదు మాత్రమే, శిక్షణ నాణ్యతకు దానితో సంబంధం లేదు. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అభ్యర్థి నుంచి రుసుము తీసుకోకపోగా, ఎంపికైనవారికి నెలకు 5,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. వయసు, ఇతర అర్హతలు కుదిరితే ముందు అటు చూడండి.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు ‘నాన్ రిఫండబుల్’ అన్న ఒక్క మాటే చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాక స్వరం మారింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే 3,000 ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది. ఆ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను.

ఇప్పటికే డబ్బు కట్టినవారు వాట్సాప్ గ్రూపు నుంచి కోపంతో బయటకు వచ్చేయకండి. ముందుగా చాట్ మొత్తం, యూపీఐ లావాదేవీ సంఖ్య, ఆఫర్ లెటర్ భద్రం చేసుకోండి. ప్రశ్న అడిగిన మరుసటి రోజే నన్ను గ్రూపులోంచి తొలగించారు, అదృష్టవశాత్తూ అంతకుముందు రాత్రే చాట్ దాచుకున్నాను. నా మాట మీద చేరిన ఇద్దరికీ జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. అందులో ఒకమ్మాయి రెండో వాయిదా కట్టకుండా ఆగింది, రెండో అబ్బాయి అప్పటికే మొత్తం కట్టేశాడు. అతని ఫిర్యాదు కూడా నేనే దగ్గరుండి రాయిస్తున్నాను.